మట్టి పట్టునది, మట్టి పట్టనిది

(గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



గ్రామమునకు నీరందించుట పంచాయతీ బాధ్యతలలో మొదటిదని మీకు వేరుగా చెప్పనక్కరలేదు. 1993లో అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములను ఒక పట్టికలో చేర్చినది. అందులో త్రాగునీరు ఒకటి. కాని ఆ సవరణకు ఎంతో ముందునుండియు, ఊరిబావి నీరు చెడినప్పుడు జనులు వచ్చి నిలుచున్నది గ్రామపెద్దల వాకిటనే. ఆనాడు నీరు చెడుటయనగా బురద, నాచు, దుర్వాసన, కలరా. నేడు వీటికి తోడు మరియొక జాతి కల్మషములు వచ్చినవి. అద్దకపు రంగులు, పురుగుమందులు, కలుపుమందులు, కర్మాగారములనుండి వచ్చు ఔషధ ద్రవ్యములు ఈ జాతిలోనివి. వీటిని శాస్త్రజ్ఞులు సేంద్రియ కల్మషములందురు. సేంద్రియమనగానే పశువుల ఎరువు గుర్తునకు వచ్చును. ఇచట ఆ అర్థము కాదు. కర్బనము మూలముగా ఏర్పడిన రసాయనములని మాత్రమే దీని భావము.

ఇటువంటి నీటిని శుభ్రపరచుటకు మన నేలలో ఉన్న బంకమట్టి పనికివచ్చునా అను ప్రశ్న అనేక గ్రామములనుండి వచ్చుచున్నది. మట్టితో నీరు శుద్ధియగునని విన్నవారు కలరు. మట్టిపొడి సంచులలో నింపి అమ్మజూపువారును కలరు. పనికివచ్చును అన్నను, పనికిరాదు అన్నను సగము మాటయే యగును. మట్టి కొన్నిటిని గట్టిగా పట్టుకొనును, కొన్నిటిని తాకనైన తాకదు. పట్టుకొన్నదానిని నాశనము చేయదు. ఈ మూడు సంగతులు మీ మనస్సునకు ఎక్కించుటయే నేటి మా ప్రసంగ ప్రయోజనము.

పాత అలవాట్లు

మన ఇండ్లలో ఏటినీటిని తేర్చుటకు చిల్లగింజను అరగదీసి కలుపు అలవాటు పూర్వమునుండి ఉన్నది. పటిక త్రిప్పుటయు అందరెరిగినదే. ఈ రెండును నీటిలోని మట్టిని తొలగించు పద్ధతులు. సన్నని మట్టి రేణువులు ఒకదానినొకటి త్రోసికొనుచు నీటిలో తేలియాడుచుండును. పటికగాని చిల్లగింజగాని వానిని కూడగట్టి బరువెక్కించి అడుగునకు దింపును. నేడు మనము చెప్పుకొనునది దీనికి మారు పద్ధతి. ఇచట నీటిలోనికి మట్టిని మనమే వేసి, ఆ మట్టిచేత రసాయనమును పట్టించి, పిమ్మట మట్టిని వేరుచేయవలెను.

చాకలివారు బట్టలకు వాడిన చౌడుమట్టి సంగతియు దీనితో కలుపరాదు. చౌడు మురికిని వదలించుట అందులోని సోడా క్షారము వలన. బంకమట్టి పనిచేయు విధము వేరు.

రేగడిలో ఏమున్నది?

నల్లరేగడి ఎండినప్పుడు మనిషి కాలు దిగునంతగా పగులును, తడిసినప్పుడు ఉబ్బి మూసికొనును. ఈ గుణమునకు కారణము అందులోని మోంట్మోరిల్లోనైట్ మొదలైన ఉబ్బు ఖనిజములు. ఫ్రాన్సు దేశములోని మోంట్మోరియాన్ అను ఊరి పేరు మీదుగా దీనికి ఆ పేరు వచ్చినది. అంగళ్ళలో బెంటొనైట్ అని అమ్ము మట్టిలోను ప్రధాన ఖనిజము ఇదియే.

ఈ ఖనిజము పుస్తకములోని పుటలవలె పలుచని పొరలుగా అమరియుండును. నీరు తగిలినపుడు పొరలు ఎడమగును, అందుచేతనే మట్టి ఉబ్బును. ఆ పొరలన్నిటిని విప్పి పరచినచో ఒక గ్రాము ఖనిజము ఏడెనిమిది వందల చదరపు మీటర్లు ఆక్రమించును. అనగా ఆరు గ్రాముల పొరలు ఒక ఎకరమును కప్పగలవు. పింగాణికి వాడు తెల్లమట్టిలో కయోలినైట్ అను మరియొక ఖనిజముండును. దాని పొరలు నీటికి ఎడముకావు. అందుచే దాని గ్రామునకు సాధారణముగా పది యిరువది చదరపు మీటర్లు మాత్రమే లభించును. మన ఎర్రనేలలలో తరచుగా ఈ రెండవ ఖనిజమే హెచ్చు. కావున మట్టియని పేరు పెట్టుకొన్నంతమాత్రమున అన్ని మట్టులును ఒకే పని చేయవు.

పొరల వైశాల్య మొక్కటే చాలదు. ఈ పొరలపై ఋణ విద్యుదావేశముండును. దానికి సరిపోవునట్లు సున్నపు ధాతువు, సోడియము మొదలైన ధనావేశ కణములు పొరల నడుమ కూర్చుండియుండును. వానికంటె గట్టిగా అంటుకొను ధనావేశ పదార్థము నీటిలో వచ్చినచో, మొదటివి లేచిపోయి క్రొత్తది ఆ చోటున కూర్చుండును. 1850లో ఇంగ్లండులో థామస్ వే అను రసాయన శాస్త్రజ్ఞుడు ఈ మార్పును ప్రకటించెను. అమ్మోనియా లవణపు ద్రవమును మట్టిగుండా పోసినపుడు అమ్మోనియా మట్టిలో నిలిచిపోయి, దానికి బదులు సున్నపు లవణము బయటికి వచ్చుట గమనించెను. మనము వేసిన ఎరువులో కొంత వానకు కొట్టుకొనిపోక చేనిలో నిలుచుటకు కారణమిదియే. నీటిశుద్ధికి మట్టిని వాడుటలోను ఇదే సూత్రము ప్రధానము.

మట్టి పట్టునవి

ధనావేశముగల రసాయనములను రేగడివంటి మట్టి గట్టిగా పట్టును. మూడు ఉదాహరణములు చెప్పెదము.

మొదటిది మిథిలీన్ బ్లూ అను నీలిరంగు. దీనిని మోంట్మోరిల్లోనైట్ ఎంత ఆబగా పీల్చుకొనుననగా, ఒక మట్టిలో ఉబ్బు ఖనిజమెంత యున్నదో తెలిసికొనుటకు ఇంజనీర్లు ఈ రంగునే కొలతగా వాడుదురు.

రెండవది పారాక్వాట్ అను కలుపుమందు. ఇది ఆకుపై పడినచో మొక్కను మాడ్చును. కాని నేలపై పడగానే మట్టిపొరల నడుమ చిక్కుకొని పైరువేళ్ళకు అందకుండ పోవును. ఈ మందు కడుపులోనికి పోయినవారికి వైద్యులు ఫుల్లర్స్ ఎర్త్ అను శుద్ధిచేసిన మట్టిని గాని బొగ్గుపొడిని గాని ఇచ్చుట ఈ కారణముననే. ఇచట ఒక హెచ్చరిక. పారాక్వాట్‌కు నమ్మదగిన విరుగుడు లేదు. ఇంటివద్ద మన్ను కలిపి త్రాగించుచు కాలయాపన చేయరాదు. క్షణమైన ఆలస్యము చేయక ఆసుపత్రికి చేర్పవలెను.

మూడవది సిప్రోఫ్లాక్సాసిన్ అను ఔషధము. జ్వరములకు, అతిసారమునకు వాడు ఈ మందును మోంట్మోరిల్లోనైట్ తన పొరల నడుమ ఇముడ్చుకొనునని ప్రయోగశాలలలో రుజువైనది. ఈ మందు ప్రసంగము మరల వచ్చును, గుర్తుంచుకొనుడు.

మట్టి పట్టనివి

మట్టిపొరలది ఋణావేశము. కావున ఋణావేశ పదార్థములను అది చేరనీయదు. మన చేనేతకు ఇది ముఖ్యమైన సంగతి. పోచంపల్లి మొదలు చీరాల వరకు నూలు అద్దకమునకు నేడు ఎక్కువగా వాడు రంగులలో రియాక్టివ్ రంగులు ఈ తెగలోనివి. పట్టునకు వాడు యాసిడ్ రంగులును అట్టివే. అద్దకపు నీటిలో రేగడి కలిపినచో రంగంతయు పోవునని ఎవరైన చెప్పిన నమ్మి ధనము వెచ్చించరాదు. పైగా రియాక్టివ్ అద్దకములో ఉప్పు విరివిగా పడును. ఆ ఉప్పును మట్టి తీయలేదు.

వరి చేలలో వాడు 2,4-డి కలుపుమందు కూడ నీటిలో ఋణావేశము దాల్చును. మోనోక్రోటోఫాస్ వంటి పురుగుమందు నీటిలో సులభముగా కరగి, మట్టికి చిక్కక క్రిందికి దిగిపోవును. ఎరువులనుండియు, మరుగు గుంటలనుండియు దిగు నైట్రేట్ అట్టిదే. పెట్రోలు, కిరోసిన్ వంటి చమురులు నీటిని అంటిపెట్టుకొని యుండు సహజ మట్టిలో ఇముడవు. వానిని పట్టుటకు మట్టిపొరల నడుమ జిడ్డుగుణముగల రసాయనమును చేర్చి తయారుచేసిన ప్రత్యేక మట్టిని పరిశ్రమలలో వాడుచున్నారు. అది ఊరిలో చేసికొనదగినది కాదు.

క్రిముల మాట సరేసరి. మట్టి క్రిములను చంపదు. నీటిలో మిగిలిన మట్టిరేణువుల చాటున దాగిన క్రిములకు క్లోరిన్ కూడ సరిగా సోకదు. మట్టికుండను చూచి కూడ భ్రమపడరాదు. ఆవములో కాలిన మట్టిలో పొరల అమరిక చెదిరిపోవును. కుండ నీటిని చల్లబరచును గాని రసాయనములను పచ్చిరేగడివలె పట్టదు.

ఈ భేదమును మీ ఊరి ఉన్నతపాఠశాలలో పిల్లలచేత చేయించి చూడవచ్చును. రెండు గాజుసీసాలలో నీరు పోసి, ఒకదానిలో ప్రయోగశాలలోని మిథిలీన్ బ్లూ లేత నీలిగా కనబడునంత మాత్రమే కలుపవలెను. రెండవదానిలో ఇయోసిన్‌తో చేసిన ఎర్రసిరాను అట్లే లేతగా కలుపవలెను. ఎండబెట్టి, దంచి, జల్లించిన రేగడి ఒక్కొక్క చెంచా చొప్పున రెంటిలోను వేసి, పదినిమిషములు బాగుగా కుదిపి, మరునాటివరకు కదల్పక ఉంచవలెను. తేరిన నీటిని చూచినచో నీలిరంగు దాదాపు మాయమగును. ఎరుపు చాలవరకు నిలిచియుండును. మట్టి ఒకటే, కుదిపిన కాలమొకటే, ఫలితము మాత్రము వేరు. ఈ నీరు చూచుటకే గాని త్రాగుటకు కాదు.

పట్టుట వేరు, పోగొట్టుట వేరు

ఇక అన్నిటికంటె ముఖ్యమైన సంగతి. నీటిలోని విషమును మట్టి పట్టుకొన్నదనగా ఆ విషము నశించినదని కాదు. నీటినుండి మట్టిలోనికి మారినది, అంతే. నీటియొక్క ఉప్పదనము, ఆమ్లగుణము మారినచో మట్టి తాను పట్టినదానిలో కొంత మరల విడిచిపెట్టవచ్చును.

హైదరాబాదు సమీపమున పటాన్‌చెరు ప్రాంతములో జరిగినది మనకు పాఠము. అచటి ఔషధ కర్మాగారముల వ్యర్థజలము చేరు శుద్ధికేంద్రమునుండి వెలువడు నీటిని స్వీడన్ శాస్త్రజ్ఞులు పరీక్షించి, 2007లో ఫలితములను ప్రకటించిరి. శుద్ధి జరిగిన పిమ్మట బయటికి వచ్చు ఆ నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉండెను. మందు మ్రింగిన రోగి రక్తములో ఉండు మోతాదుకంటె అది ఎక్కువ. పిమ్మటి పరిశీలనలలో ఆ నీరు పారిన వాగుల అడుగు మట్టిలోను ఇటువంటి ఔషధములు నిలిచియుండుటయు, ఆ మందులకు లొంగని క్రిముల లక్షణములు అందులో హెచ్చుగా ఉండుటయు తేలినది. మట్టి తన ధర్మమును తాను నిర్వర్తించినది, మందును పట్టినది. కాని ఆ పట్టిన మందు వాగు అడుగున నిలిచి, క్రిములకు మొండితనము నేర్పినది. మొండిక్రిములు ఒంటిలో ప్రవేశించిననాడు వైద్యుని చేతిలోని మందు పనిచేయదు. కర్మాగారములో ఆపవలసినదానిని వాగు అడుగుకు వదలినచో ఫలితము ఇట్లుండును.

ఇందులో ప్రతి పంచాయతీకి వర్తించు నీతి కలదు. చెరువుల పూడికతీసి చేలకు తోలుట మన పూర్వులనుండి వచ్చుచున్న మంచి అలవాటు. తెలంగాణములో 2015లో ప్రారంభమైన మిషన్ కాకతీయ పనులలోను పూడికమట్టిని రైతులు చేలకు తోలుకొనిరి. వాననీరు మాత్రమే చేరు చెరువు పూడిక చేనికి బలము. కాని కర్మాగారపు నీరుగాని, అద్దకపు నీరుగాని, పట్టణపు మురుగుగాని ఏండ్ల తరబడి చేరిన చెరువు పూడికలో, ఆ నీటిలో వచ్చినవన్నియు పేరుకొనియుండవచ్చును. అట్టి పూడికను పరీక్ష చేయింపకుండ బండ్ల కెత్తించినచో, చెరువులోని కష్టమును చేలకు పంచిపెట్టినట్లగును.

వ్యర్థజలమునకు గుంట త్రవ్వి రేగడితో మెత్తుట గురించియు ఒక మాట. తడిగా ఉన్నంతకాలము రేగడి నీటిని బాగుగా ఆపును. వేసవిలో గుంట ఎండినచో ఆ మెత్తుడే పగిలి నెఱ్ఱెలిచ్చును. తొలకరికి చేరిన నీరు ఆ నెఱ్ఱెలలోబడి తిన్నగా బోరుబావివైపు దిగును. ఇట్టి గుంటను ఎండిపోనీయకూడదు. త్రాగునీటి బావికి సమీపముననో, ఎగువననో త్రవ్వనేకూడదు.

పంచాయతీ చేయవలసినవి

వీనినిబట్టి పంచాయతీ సభ్యులకు మేము చేయు సూచనలు ఇవి.

ఒకటి: కల్మషము పుట్టుచోటనే ఆపుటకు ప్రయత్నింపవలెను. బావిలో కలిసిన లీటరుకు మిల్లీగ్రామును తీయుటకంటె, తొట్టిలోని చిక్కని నీటిని వేరుగా నిలుపుట సులభము, చవుక. పురుగుమందు పంపులను, డబ్బాలను చెరువుగట్టున కడుగరాదని పంచాయతీ తీర్మానించి, దండోరా వేయించవలెను.

రెండు: అద్దకము చేయు నేతవారిని నేరస్థులవలె చూడరాదు. అది వారి కూడు. వారితో కూర్చుండి, ఏ తెగ రంగు వాడుచున్నారో డబ్బాపై చూచి వ్రాసికొనవలెను. చిక్కని రంగునీరు, కడుగునీరు వేర్వేరు తొట్లకు పోవు ఏర్పాటు చేయించవలెను. కడుగునీటిలో కొంత మరుసటి అద్దకమునకు మరల వాడవచ్చును. మట్టిచేత పట్టుబడు రంగా కాదా అన్నది ఆ నీటితోనే సీసాలో చేసిన పరీక్ష చెప్పును. పట్టుబడనిచో ఆ మార్గము విడిచి, కాలుష్య నియంత్రణ మండలి సాంకేతికుల సలహా కోరవలెను.

మూడు: మట్టి వాడినచోట వాడిన మట్టి లెక్క ఉండవలెను. ఎన్ని బుట్టలు వేసితిమి, తీసిన మడ్డి ఎచట ఉంచితిమి అన్నది పుస్తకములో వ్రాయవలెను. ఆ మడ్డిని చేలకుగాని, ఇటుకబట్టీకిగాని, చెరువుగట్టునకుగాని పంపరాదు. వాన తగులని చోట నిలువచేసి, దానిని ఎచటకు చేర్పవలెనో మండలిని అడిగి చేయవలెను.

నాలుగు: తేటనీరు మంచినీరని తీర్పు చెప్పరాదు. త్రాగునీటికి భారత ప్రమాణమైన ఐ.ఎస్. 10500 ప్రకారము మోనోక్రోటోఫాస్ లీటరుకు ఒక మైక్రోగ్రామునకు మించరాదు. అనగా మిల్లీగ్రాములో వెయ్యవ వంతు. అది కంటికి కనబడదు, నాలుకకు తెలియదు. 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ క్రింద గ్రామములకిచ్చిన పరీక్షపెట్టెలు ఉప్పదనము, ఫ్లోరైడు, నైట్రేటు, క్రిములవంటివానిని తెలిసికొనుటకు ఉపకరించును. పురుగుమందులను, ఔషధములను అవి సాధారణముగా చూపలేవు. పెట్టెలో అన్నియు బాగున్నవని వచ్చినను అనుమానమున్నచో ప్రయోగశాలకు పంపవలెను. పంపునపుడు ఎగువన ఏ పంట, ఏ మందు, ఏ పరిశ్రమ ఉన్నదో కాగితముపై వ్రాసి పంపినచో, దేనికొరకు వెదకవలెనో అచటివారికి తెలియును.

ఐదు: త్రాగునీటి విషయమున వరుస తప్పరాదు. మొదట తేర్చుట, పిమ్మట వడపోత, చివర క్లోరిన్. క్లోరిన్ కలిపిన అరగంట తరువాత కుళాయివద్ద మిగులు క్లోరిన్ లీటరుకు 0.2 మిల్లీగ్రాములకు తగ్గకుండ చూచుకొనవలెను. మట్టిపొడిని నేరుగా త్రాగునీటి ట్యాంకులో కలుపుట ఎన్నడును చేయరాదు.

ఆరు: శుద్ధిమట్టి అమ్మవచ్చినవానిని మూడు ప్రశ్నలడుగుడు. ఇది ఏ రసాయనమును పట్టును? మా ఊరి నీటితో పరీక్ష చేసి చూపిన ప్రయోగశాల కాగితమేది? వాడిన మట్టిని మరల నీవు తీసికొనిపోవుదువా? ఈ మూటికిని జవాబు రానిచో పంచాయతీ సొమ్మునుండి ఒక్క రూపాయి కూడ ఈయకుడు.

సోదరులారా, సోదరీమణులారా! మన కాళ్ళక్రింది మట్టి సామాన్యమైనది కాదు. పైరును నిలుపును, ఎరువును దాచును, కొన్ని విషములను పట్టి నీటిని కాపాడును. అంత మాత్రముచేత మనము పారబోసిన దానినంతటిని అది మ్రింగి అరిగించుకొనునని తలచుట న్యాయము కాదు. పట్టగలదానిని పట్టింపవలెను. పట్టలేనిదానిని మనమే ఆపవలెను. పట్టినదానిని జాగ్రత్తగా తీసి భద్రపరుపవలెను. మీ ఊరికి తిరిగి వెళ్ళిన పిమ్మట, వచ్చు గ్రామసభలోనే ఒక పని చేయుడు. చెరువులోనికి, వాగులోనికి ఏ కాలువగుండ ఏ నీరు వచ్చి చేరుచున్నదో మీ కాళ్ళతో నడిచి చూచి, ఒక పట్టిక వ్రాసి సభలో చదువుడు. తక్కిన పనులన్నియు ఆ పట్టికనుండి పుట్టును.